పాత బట్టలతో సరదా వేషం: అపోహలు - వాస్తవాలు

వేషాలు కుట్టడం నా వృత్తి. పాత చొక్కాలు, కోట్లు, దుప్పట్లు, కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్కలే ముడిసరుకుగా గుడ్లగూబలను, కప్పలను, నడిచే చెట్లను తయారుచేస్తూ వచ్చాను. ఇంట్లోనే ఒక వేషం కుట్టుకోవాలని సలహా కోసం వచ్చేవారిలో ఎక్కువమంది కొన్ని గట్టి నమ్మకాలతో వస్తారు. వాటివల్ల మంచి గుడ్డ చేతికి దొరికి కూడా పాడవడం చూసి బాధపడి ఇది రాస్తున్నాను.

అపోహ: పాత వస్త్రాన్ని పూర్తిగా విప్పి, చదునైన గుడ్డగా మార్చుకున్నాకే వేషం కత్తిరించాలి.

వాస్తవం: ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం. చొక్కాలో కుట్టడానికి కష్టమైన భాగాలు కాలరు, చంక గుండ్రం, కఫ్‌లు, గుండీల పట్టీ. వాటిని ఒక దర్జీ ఇదివరకే కుట్టి, ఇస్త్రీ చేసి, మనిషి ఒంటికి సరిపోయేలా మీ చేతికి అందించాడు. ఆ శ్రమను విప్పేసి, మళ్లీ అదే శ్రమ మనం పడటంలో అర్థం లేదు. పాత వస్త్రాన్ని గుడ్డగా కాక, సగం పూర్తయిన వేషంగా చూడటమే ఈ పనిలో అసలు నేర్పు.

గుడ్లగూబనే తీసుకుందాం. గోధుమరంగు కోటు ఒకటి దొరికితే, దాన్ని ఎక్కడా విప్పకుండా, చేతి అడుగు కుట్టు నుంచి పక్క కుట్టు దాకా ఒక త్రికోణపు గుడ్డను కలిపితే రెక్క తయారవుతుంది. ఆ రెక్క బయటి అంచు ఎంత పొడవుండాలో చేతులు కిందికి దించి కొలిస్తే తప్పు వస్తుంది. వేసుకునే వ్యక్తి చేయి పూర్తిగా పైకెత్తినప్పుడు మణికట్టు నుంచి నడుము దాకా ఉన్న దూరాన్ని కొలవాలి. లేకపోతే రెక్క ఎత్తిన మొదటిసారే చంక దగ్గర కుట్టు పిగులుతుంది. ఈకలను కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి కుట్టుకుంటూ రావాలి. పెంకుటింటి కప్పు నేసినట్టు పై వరుస కింది వరుస కుట్టును కప్పేస్తుంది. ప్రతి ఈకకూ పై అంచును మాత్రమే కుట్టి, మిగతాది వదిలేస్తే నడకలో అవి కదులుతాయి. పిల్లలు ఎక్కువగా ఆనందించేది ఆ కదలికనే అని నా అనుభవం.

ఇదే చూపుతో వెదికితే, పెద్దవారి స్వెటరు చేతులు చిన్నపిల్లల కాళ్లకు తొడుగులవుతాయి, ప్యాంటు కాలు తోక అవుతుంది. తోకలో గుడ్డపేలికలు కూరితే బరువు పెరుగుతుంది కనుక దాన్ని ప్యాంటు గుడ్డకు కుట్టకూడదు. లోపల నడుముకు కట్టుకునే వెడల్పాటి పట్టీకి కుట్టి, ప్యాంటులో చిన్న చీలిక చేసి బయటికి తీయాలి.

అపోహ: పాత గుడ్డ ఎలాగూ బలహీనమే, అందువల్ల ఏది దొరికితే అది వాడవచ్చు.

వాస్తవం: వస్త్రం అంతటా ఒకేలా అరగదు. మోచేతులు, చంకలు, కాలరు మడత, కూర్చునే భాగం ముందుగా పలచబడతాయి. వీపు, జేబుల కింది భాగం, మడిచి కుట్టిన అంచుల లోపలి గుడ్డ కొత్తదానిలా ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అరిగిన చోటు పలచగా కనబడుతుంది. రెండు బొటనవేళ్ల మధ్య పట్టి గట్టిగా లాగినప్పుడు పోగులు విడిపోతే ఆ ముక్కను బరువు మోసే చోట వాడకుండా, అలంకారానికి మాత్రమే ఉంచుకోవాలి.

అపోహ: రంగు నచ్చితే ఏ ముక్కనైనా ఏ ముక్కతోనైనా కలపవచ్చు.

వాస్తవం: టీషర్టుల హోజరీ గుడ్డ సాగుతుంది, పడుగు పేకలతో నేసిన చొక్కా గుడ్డ దాదాపు సాగదు. ఈ రెంటినీ పక్కపక్కన కుట్టి, ఒంటికి బిగుతుగా ఉండే చోట పెడితే, సాగే ముక్క సాగిపోయి, సాగని ముక్క మీద భారమంతా పడి కుట్టు తెగుతుంది. తప్పనిసరి అయితే నేత గుడ్డను ఐమూలగా, అంటే పోగులకు 45 డిగ్రీల వాలుగా కత్తిరించాలి. అలా కత్తిరించిన నేత గుడ్డ కొంత సాగుతుంది. ముక్కలన్నిటినీ కత్తిరించక ముందే ఉతికి ఆరబెట్టడం కూడా తప్పనిసరి. ముడుచుకునే గుణమున్న నూలు ముక్క, ముడుచుకోని పాలియెస్టరు ముక్క కలిసి ఒకే వేషంలో ఉంటే, మొదటి ఉతుకుకే అతుకులన్నీ ముడతలు పడతాయి. ఇతరులు వాడిన బట్టలు శుభ్రంగా ఉండవన్న భయానికీ ఈ ఉతుకే సమాధానం. గుడ్డ తట్టుకోగలిగితే 60 డిగ్రీల వేడినీటిలో ఉతకడం మేలు.

అపోహ: కత్తిరించిన ప్రతి అంచునూ మడిచి కుట్టకపోతే వేషం పోగులు పోగులుగా ఊడిపోతుంది.

వాస్తవం: కొన్ని గుడ్డల విషయంలోనే ఇది నిజం. హోజరీ గుడ్డ అంచు పోగులు ఊడదు, పట్టీలుగా కత్తిరించి లాగితే గొట్టంలా చుట్టుకుంటుంది. సింహం జూలుకు, చెట్టు ఊడలకు అంతకంటే మంచి సరుకు నాకు దొరకలేదు. ఐమూలగా కత్తిరించిన నేత గుడ్డ అంచు కూడా పెద్దగా ఊడదు. స్వచ్ఛమైన ఉన్ని స్వెటరును వేడినీటిలో బాగా రుద్ది ఉతికితే, ఉన్ని పోగుల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని గుడ్డ దట్టమవుతుంది. దాన్ని ఎలా కత్తిరించినా అంచు నిలిచే ఉంటుంది. ముడుచుకోకుండా ప్రత్యేకంగా శుద్ధిచేసిన ఉన్నికి మాత్రం ఈ పద్ధతి పనిచేయదు.

అపోహ: రంగులు కలవకపోతే అన్నిటినీ ఒకే రంగులో ముంచితే సరిపోతుంది.

వాస్తవం: నూలుకు పట్టే రంగు పాలియెస్టరుకు పట్టదు. పూర్తి నూలు చొక్కాను రంగులో ముంచినా, దాన్ని కుట్టిన దారం పాలియెస్టరు అయితే కుట్లు పాత రంగులోనే మిగిలిపోతాయి. లేబులు లేని గుడ్డ ఏదో తెలుసుకోవడానికి, పెద్దవారు నీళ్లు పక్కన పెట్టుకొని, ఇనుప పళ్లెం మీద నాలుగు పోగులను పట్టకారుతో పట్టుకొని కాల్చి చూడవచ్చు. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది, ఉన్ని, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తాయి, పాలియెస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

అయితే రంగులు అద్దే శ్రమ చాలాసార్లు అక్కరలేదు. దూరం నుంచి చూసే కంటికి ముందు ఆకారం, తర్వాత లేత ముదురు తేడా అందుతాయి. రంగు ఆ తర్వాతి మాట. ముక్కలన్నిటినీ నేలమీద పరిచి, ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అందులో రెక్క రెక్కలా కనిపిస్తే, పూలచొక్కా ముక్క పక్కన గళ్ల లుంగీ ముక్క ఉన్నా ఇబ్బంది లేదు.

అపోహ: కుట్టు రాకపోయినా వేడి జిగురుతో మొత్తం వేషం అతికించవచ్చు.

వాస్తవం: జిగురు ఆరాక గట్టిపడుతుంది, వంగే చోట పగిలి ఊడుతుంది, చర్మాన్ని గీరుతుంది. కళ్లు, ముక్కు, కొమ్ముల వంటి కదలని భాగాలకు అది పరవాలేదు. చంకలకు, భుజాలకు మాత్రం సూది దారమే కావాలి. అందుకు కుట్టుమిషను అక్కరలేదు; రెట్టింపు దారంతో దగ్గర దగ్గరగా వేసిన వెనుకకుట్టు, అంటే ప్రతిసారీ సూదిని కొంచెం వెనక్కి తెచ్చి గుచ్చే కుట్టు, చాలు.

అపోహ: నూలు బట్టలతో చేసిన వేషానికి నిప్పు భయం లేదు.

వాస్తవం: ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. నూలు కరిగి ఒంటికి అంటుకోదు కానీ చాలా త్వరగా అంటుకొని మండుతుంది. పలచని నేత, నూగు లేపిన ఫ్లానెల్, గాలి ఆడేలా వేలాడే పేలికలు ఇంకా త్వరగా మండుతాయి. పాలియెస్టరు, నైలాను కరిగి చర్మానికి అతుక్కొని లోతుగా కాలుస్తాయి. ఉన్ని మాత్రం అంత సులువుగా అంటుకోదు. మనం ఎంతో ఇష్టంగా కుట్టే ఈకలు, జూలు, వేలాడే రెక్కలే నిప్పుకు అనువైన ఆకారాలు కనుక, వేషం వేసుకున్నవారి దగ్గర కొవ్వొత్తులకు బదులు బ్యాటరీ దీపాలే ఉండాలి.

మెడ దగ్గర తాడు కూడా అంతే ముఖ్యమైన విషయం. పిల్లల దుస్తుల గురించిన యూరప్ ప్రమాణం ఈఎన్ 14682, 7 ఏళ్లలోపు పిల్లల దుస్తులకు తల, మెడ భాగాల్లో బిగించే తాళ్లు ఉండకూడదంటుంది. పైవస్త్రాన్ని మెడ దగ్గర వెల్క్రోతో మూయండి. ఎక్కడైనా చిక్కుకొని లాగినప్పుడు అది దానంతట అదే విడిపోవాలి.

అపోహ: అద్దం ముందు బాగుంటే వేషం పూర్తయినట్టే.

వాస్తవం: అద్దం ముందు మనిషి నిలబడి ఉంటాడు, వేషంలో అలా ఎంతసేపూ ఉండడు. ఈకలు కుట్టక ముందే, కచ్చా కుట్టు మీద ఉండగానే తొడిగి, కూర్చోమనండి, మెట్లు ఎక్కమనండి, రెండు చేతులూ పైకెత్తి గెంతమనండి. ముసుగు ఉంటే తల తిప్పకుండా పక్కకు ఎంత కనబడుతుందో అడిగి, కంటి రంధ్రాలను పెద్దవి చేయండి. మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తే ఎవరి సాయమూ లేకుండా, తోక తడవకుండా, ఎంతసేపట్లో విప్పుకోగలరో కూడా అప్పుడే చూసి, వీపు మీది గుండీలను ముందు వైపుకు మార్చండి.