యూజర్ గ్రూపు పెడతామన్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

విశాఖలో లినక్స్ (విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్ల సంఘం, అంటే లినక్స్ యూజర్ గ్రూపు, పెడతామని మీరు పంపిన ప్లాను చదివాను. లోగో బాగుంది. ప్రెసిడెంటు, సెక్రటరీ, మీడియా ఇన్‌చార్జి అంటూ పదవులు కూడా పంచేసుకున్నారు. ప్రారంభోత్సవానికి పెద్ద హాలు, ముఖ్య అతిథి, శాలువాలు, మెమెంటోలు, భోజనాలు, అన్నీ రాశారు. రెండో నెలలో ఏం చేస్తారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేను ఆ రెండో నెల గురించే రాస్తున్నాను.

ముందు ఇది ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను, దాన్నిబట్టి మీకు కొంత అర్థమవుతుంది. యూజర్ గ్రూపులు లినక్స్‌తో పుట్టినవి కావు. 1955లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఐబీఎం కంప్యూటర్లు వాడే కంపెనీలవాళ్లు కొందరు కలిసి షేర్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో విమానాలు తయారుచేసే కంపెనీలు కూడా ఉన్నాయి, అంటే వ్యాపారంలో ఒకరితో ఒకరు పోటీపడేవాళ్లే. అయినా ఎందుకు కలిశారంటే, అప్పట్లో యంత్రం కొంటే దాంతోపాటు వచ్చే ప్రోగ్రాములు చాలా తక్కువ, అందుకని ప్రతి కంపెనీలోనూ అవే లెక్కల ప్రోగ్రాములు ఎవరికి వాళ్లు మొదటినుంచి రాసుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. నువ్వు రాసింది నాకియ్యి, నేను రాసింది నీకిస్తాను, ఇద్దరికీ సగం పని తప్పుతుంది అనుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది.

తర్వాత 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన ఇంటి కారు షెడ్డులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదటి మీటింగు జరిగింది. తర్వాత యాపిల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ వాజ్నియాక్ కూడా వెళ్లాడు. తర్వాత ఏడాది ఆయన తన యాపిల్ 1 బోర్డును ఆ క్లబ్బులోవాళ్లకే చూపించాడు. ఆ యాపిల్ కథ మీకు తెలిసే ఉంటుంది గాని, నాకు నచ్చింది అది కాదు, వాళ్లు మీటింగు నడిపిన పద్ధతి. లీ ఫెల్సెన్‌స్టైన్ అనే ఆయన ముందు నిలబడి నడిపించేవాడు. మొదటి భాగంలో ఎవరైనా లేచి తన దగ్గర ఏముందో, తనకేం కావాలో, ఎక్కడ ఇరుక్కుపోయాడో చెప్పుకోవచ్చు. రెండో భాగంలో అందరూ లేచి తిరుగుతూ, ఇందాక తమకు పనికొచ్చే మాట చెప్పినవాణ్ని వెతుక్కుని పట్టుకోవచ్చు. అంతే. మీ ప్లానులో గంటన్నర ముఖ్య అతిథి ప్రసంగం ఉంది చూడండి, అది తీసేసి ఇది పెట్టండి.

ఎందుకంటే ప్రసంగాలు ఇప్పుడు ఇంట్లో మంచం మీద పడుకుని ఫోనులో చూడొచ్చు, ఆయనకంటే బాగా చెప్పేవాళ్లే దొరుకుతారు. నా ల్యాప్‌టాప్‌లో వైఫై ఎందుకు రావట్లేదో పక్కన కూర్చుని చూసే మనిషి మాత్రం ఫోనులో దొరకడు. మొదటిసారి వచ్చిన మనిషి నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగి, దానికి జవాబో, కనీసం తనతోపాటు తల బద్దలు కొట్టుకునే ఇంకో మనిషినో సంపాదించుకుని ఇంటికెళ్తే ఆ మనిషి మళ్లీ వస్తాడు. ప్రసంగం విని చప్పట్లు కొట్టి వెళ్లినవాడు రాడు. మీరు చేసే ఏర్పాట్లన్నీ ఆ ఒక్క ప్రశ్న బయటికి రావడానికే అనుకోండి.

ఇక రోజు సంగతి. నెలకు ఒకటే రోజు, అదీ మారకూడదు. నా సలహా రెండో శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర. ఆ రోజు ప్రభుత్వ ఆఫీసులకీ బ్యాంకులకీ సెలవు కాబట్టి మీ ఈడు పిల్లలే కాకుండా ఉద్యోగస్తులూ రాగలరు. స్టీల్ ప్లాంటువాళ్లకు షిఫ్టులుంటాయి, వాళ్లు ఒక నెల వస్తారు ఒక నెల రారు, కానీ రోజు మారదని తెలిస్తే ముందే షిఫ్టు మార్చుకుని వచ్చేవాళ్లుంటారు. ఆరున్నరకి ఎందుకు ముగించమంటున్నానంటే, భీమిలి నుంచో కూర్మన్నపాలెం నుంచో వచ్చే ఆడపిల్లలు మరీ చీకటి పడకుండా ఇల్లు చేరాలి, ఒక్కసారి ఆలస్యమైతే తర్వాతి నెల ఇంట్లోవాళ్లు పంపరు. సింహాచలం గిరి ప్రదక్షిణ అనో, బీచ్‌లో నేవీ డే విన్యాసాలనో, ట్రాఫిక్ జామ్ అనో వాయిదా వేసే ఆలోచన వస్తుంది. వేయకండి. ముగ్గురే వచ్చినా ఆ ముగ్గురూ కూర్చుని వెళ్లండి. రెండుసార్లు వాయిదా పడిన గ్రూపు మూడోసారి జరగడం నేనెక్కడా చూడలేదు.

చోటు కూడా మార్చొద్దు. మన ఊరు గాజువాక నుంచి మధురవాడ దాకా పొడుగ్గా సాగిపోయింది, ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరికి దూరమే. అందుకని ద్వారకానగర్ మంచిదంటాను, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, ఏ మూల నుంచైనా బస్సుంటుంది. పౌర గ్రంథాలయంలో గది దొరుకుతుందేమో వెళ్లి అడగండి, ఫోను చేస్తే పని జరగదు, మనిషి వెళ్లాలి. కాలేజీ సెమినార్ హాలు ఉచితంగా వస్తుంది గాని దానికి హెచ్‌ఓడీ సంతకం, గేటు దగ్గర సెక్యూరిటీతో వాదన ఉంటాయి. బయటినుంచి వచ్చే టైలర్ మాస్టరుగారో ట్యూషన్ చెప్పుకునే ఆవిడో ఆ గేటు దగ్గరే వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. మీకు కావల్సింది అలాంటివాళ్లు.

గదిలో ఏసీ ఉందా, ప్రొజెక్టర్ ఉందా అని అడిగే ముందు ప్లగ్ పాయింట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పాత ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీలు నిలవవు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు మీరే తెచ్చుకోండి. వైఫైని నమ్ముకోకండి: లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ ఇన్‌స్టాల్ ఫైలు దాదాపు మూడు జీబీ ఉంటుంది, ముప్ఫై మంది ఒకేసారి దించుకోవాలంటే తొంభై జీబీ, ఏ హాలు కనెక్షనూ దానికి తట్టుకోదు. ముందురోజు రాత్రే ఇంట్లో దించి అరడజను పెన్ డ్రైవుల్లో సిద్ధంగా పెట్టుకోండి. మీరు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక, ఊళ్లో కరెంటూ ఫోన్లూ లేక రోజులు గడిచాయి. కావల్సినదాని కాపీ ఒకటి చేతిలో ఉండాలన్న అలవాటు నాకు ఆ తర్వాత ఇంకా గట్టిపడింది.

ఆ పెన్ డ్రైవును పదిమందికి కాపీ చేసి ఇవ్వడం తప్పేం కాదు, ఇది అందరికీ మొదటిరోజే చెప్పండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో రాసిన జీపీఎల్ లైసెన్సులోనే ఆ అనుమతి ఉంది, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఆ లైసెన్సు రెండో వెర్షన్ కిందే వస్తుంది. మిగతా ప్రోగ్రాముల్లో కొన్నింటికి వేరే లైసెన్సులున్నా, మింట్ లాంటివాటిని పంచుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ క్రాక్ చేసిన ఫోటోషాప్ ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు. అడుగుతారు, మొదటి మీటింగులోనే అడుగుతారు. 1976లో బిల్ గేట్స్, బేసిక్ అనే కంప్యూటర్ భాషకు మేం రాసిన ప్రోగ్రామును డబ్బివ్వకుండా కాపీ కొట్టుకుంటున్నారని హాబీగా కంప్యూటర్లు వాడేవాళ్లందరికీ బహిరంగ లేఖ రాశాడు. ఆయన కోపం ఆయనది. మనకు ఆ గొడవే అక్కర్లేదు, ఫోటోలు దిద్దడానికి గింప్ ఉంది, బొమ్మలు గీయడానికి క్రిటా ఉంది, రెండూ ఉచితమే, కూర్చుని నేర్పండి.

మొదటి మూడు నాలుగు నెలలకు పని కావాలంటే ఎక్కడికీ వెతుక్కోనక్కర్లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి, కాబట్టి కీబోర్డూ స్క్రీనూ బాగానే ఉన్న ల్యాప్‌టాప్‌లు ఇళ్లలో మూలన పడుతున్నాయి. వాటిల్లో నాలుగు జీబీ ర్యామ్ ఉంటే మింట్ బాగానే నడుస్తుంది. ఇన్‌స్టాల్ ఫెస్ట్ అని పెట్టి తెచ్చుకోమనండి. కానీ జాగ్రత్త, ఇక్కడ కాస్త ఎక్కువే చెప్తాను. ఎవరి యంత్రంలోనైనా చెయ్యి పెట్టే ముందు, ఫోటోలూ సర్టిఫికెట్లూ ఇంకో డిస్కులోకి కాపీ అయ్యాయా అని అడగకండి, కళ్లతో చూడండి. అయ్యాయి అంటారు, అవ్వవు. ఒకావిడ పెళ్లి ఫోటోలు పోయాయంటే మీ గ్రూపు పేరు సీతమ్మధార నుంచి అనకాపల్లి దాకా పోతుంది. విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాయించండి, అది లేకుండా పార్టిషన్లు, అంటే డిస్కులోని భాగాలు, కదిపితే లోపలున్నది తాళం పడి కూర్చుంటుంది. ముందు పెన్ డ్రైవ్ నుంచే లినక్స్ నడిపించి, వైఫై, సౌండు, టచ్‌ప్యాడు పనిచేస్తున్నాయో లేదో యజమాని చేతే చూపించుకోండి. ఆయన సరేనన్నాకే ఇన్‌స్టాల్ నొక్కేది, అదీ ఆయన వేలితోనే. మీరు గబగబా చేసిచ్చేస్తే మెకానిక్కులు అవుతారు, ఆయన ఏమీ నేర్చుకోడు, తర్వాతి నెల మళ్లీ అదే రిపేరు.

బీటెక్ పిల్లలు మాత్రమే వస్తే అది కాలేజీ క్లబ్బే అవుతుంది. జగదాంబ దగ్గర డీటీపీ చేసుకునే కుర్రాణ్ని పిలవండి. ఆ అబ్బాయి ఒక ప్రశ్న తెస్తాడు: ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్‌లో టైపు చేసిన పెళ్లి కార్డు మేటర్ వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయేమిటని. ఈ ఒక్క ప్రశ్న మీద ఒక సాయంత్రమంతా గడపొచ్చు. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన నంబర్ల దగ్గర తెలుగు బొమ్మలు పెట్టారు, ఆ ఫాంటు లేని ఫోనుకి అది తెలుగని తెలిసే దారి లేదు. ప్రపంచంలోని లిపులకన్నిటికీ కలిపి చేసిన నంబర్ల పట్టిక యూనికోడ్, అందులో తెలుగుకి విడిగా 128 స్థానాలు కేటాయించారు, అందుకే ఏ ఫోనులో పెట్టినా చదవొచ్చు. మరి యూనికోడ్‌కి మారిపొమ్మంటే ఆ అబ్బాయి అంటాడు, నా దగ్గరున్న వందల డిజైన్లు ఏం చెయ్యాలి, ప్రింటింగ్ ప్రెస్సువాళ్లు పాతదే అడుగుతున్నారు అని. ఆ మాటా నిజమే. కన్వర్టర్లు వెతకండి, ఒత్తులు ఎక్కడ తప్పుతున్నాయో రాసుకోండి, తప్పు దొరికితే ఆ ప్రోగ్రాము రాసేవాళ్లకు బగ్ రిపోర్టు పంపండి. కోడ్ రాయడం రాని మనిషి కూడా ఇలా సాఫ్ట్‌వేర్‌కి పనికొస్తాడు. ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్ మెనూల తెలుగు అనువాదంలో కృతకంగా ఉన్న మాటలు సరిచెయ్యడానికి మీకంటే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు మేలు. మీ క్లాసులో ఎవరి తాతగారో ఉండే ఉంటారు.

ప్రశ్న అడిగినవాళ్లని చూసి నవ్వకూడదు. "ఇది కూడా తెలీదా" అన్న మాట ఆ గదిలో వినపడకూడదు. "గూగుల్‌లో కొట్టు" అన్నదీ అంతే. ఎవరైనా అంటే పక్కకి పిలిచి చెప్పండి, మళ్లీ అంటే రావొద్దనండి, ఎంత తెలివైనవాడైనా సరే. అలాగే ఒకరు ప్రతి నెలా అడిగిన ప్రశ్నలూ, దొరికిన జవాబులూ, దొరకనివీ తెలుగులో ఒక నోటుబుక్కులో రాయాలి. వాట్సాప్ గ్రూపు ఉంటుంది కదా అంటారు. వారం రోజులకి అందులో గుడ్ మార్నింగ్ పువ్వులూ ఉద్యోగ ప్రకటనలూ తప్ప ఏమీ కనపడవు.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చందాలు పెట్టకండి, టీ ఖర్చు ఎవరిది వాళ్లది. కోర్సులమ్మే కోచింగ్ సెంటర్‌వాళ్లు బిస్కెట్లూ బ్యానర్లూ ఇస్తామంటూ వస్తారు, మైకు మాత్రం ఇవ్వొద్దు. రిజిస్ట్రేషన్‌కి తొందర లేదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడాది గడిచాక కూడా ఆ ఏడుగురు వస్తూ ఉంటే, బ్యాంకు ఖాతా అవసరమూ పడితే, అప్పుడు చేయించండి.

అసలు నాకు భయమున్నది జూన్ నెల గురించి. ఫైనలియర్ పిల్లలు చాలా ఉత్సాహంగా గ్రూపు నడుపుతారు, మే నెలాఖరుకి ఒకడు బెంగళూరు, ఒకతి హైదరాబాద్, ఒకడు పుణె. గది తాళం ఎవరి దగ్గరుందో కూడా తెలీదు. మన ఊళ్లో పిల్లలు ఎదిగితే ఊరు దాటతారు, దాన్ని ఆపలేం, ఆపక్కర్లేదు కూడా. అందుకే మీ పదవుల జాబితా కొట్టేసి పనుల జాబితా రాయండి: గది మాట్లాడేవాళ్లు, పెన్ డ్రైవులు చూసేవాళ్లు, నోటుబుక్ రాసేవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్ల పక్కన కూర్చునేవాళ్లు. ప్రతి పనికీ ఇద్దరు, అందులో ఒకరు ఇంకా రెండేళ్లయినా ఈ ఊళ్లో ఉండేవాళ్లు. ఊరు విడిచి వెళ్లని డీటీపీ కుర్రాడూ, ట్యూషన్ ఆవిడా ఇక్కడే మీకు అక్కరకొస్తారు, తాళం వాళ్ల దగ్గరుంచండి.

నేను మొదటి మీటింగుకి రాను, వస్తే నన్ను వేదిక ఎక్కిస్తారు. రెండోదానికి వస్తాను. మా లిబ్రేఆఫీసులో తెలుగు ఫైలు స్క్రీను మీద చక్కగానే కనపడుతుంది గాని, పీడీఎఫ్ చేసి ప్రింటు తీస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ఫాంటు మార్చి చూశాను, అదే వరస. ప్రింటర్ మోడలూ, ఆ ఫైలూ పట్టుకొస్తాను. ఎవరో ఒకరు నా పక్కన కూర్చోండి.

ఇట్లు,
మీ తాతయ్య
సీతమ్మధార, విశాఖపట్నం