ఫ్రిస్కో రాత్రికి రాత్రే పుట్టలేదు: అపోహలు - వాస్తవాలు

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో తెలుగు ఇళ్లు లేని వీధి అరుదు. నేను ఈ చుట్టుపక్కల కొత్త కాలనీలకు రోడ్లు, డ్రైనేజీ డిజైన్ చేసే సివిల్ ఇంజనీరుని. ఏ స్థలం కాగితాలు తిరగేసినా 1840ల, 50ల నాటి పేర్ల దగ్గరికే చేరతాం. ఈ ఊరి గురించి మనవాళ్ల మధ్య తిరిగే కొన్ని మాటలను సరిచేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అపోహ: ముప్ఫై ఏళ్ల కిందట ఇక్కడ ఏమీ లేదు.

వాస్తవం: 1990లో జనాభా ఆరు వేల పైచిలుకు. 2020 లెక్కల్లో 2,00,509. ఈ అంకెలు చూస్తే అలా అనిపించడం సహజమే. కానీ మీరు రోజూ తిరిగే ప్రెస్టన్ రోడ్డు ఒకప్పుడు పశువుల మందలను ఉత్తరాదికి తోలుకెళ్లిన షానీ ట్రయిల్. అంతకుముందు ఈ గడ్డిమైదానాలు కాడో, కొమాంచీ వంటి తెగలవి. ఖాళీ నేలకు జనం రాలేదు. ఉన్నవాళ్లను వెళ్లగొట్టాకే ఊళ్లు స్థిరపడ్డాయి.

అపోహ: మొదట వచ్చినవాళ్లకు భూమి ఊరికే వచ్చింది, గొడవల్లేవు.

వాస్తవం: అప్పటికి టెక్సస్ ఒక స్వతంత్ర దేశం. జనాన్ని తెచ్చి స్థిరపరిచే కాంట్రాక్టును 1841లో విలియం పీటర్స్ అనే వ్యాపారికి, ఆయన భాగస్వాములకు ఇచ్చింది. కుటుంబానికి 640 ఎకరాలు, ఒంటరి మగవాడికి 320 ఎకరాల వరకు. గుడిసె వేసుకుని, సాగు చేస్తూ అక్కడే ఉండాలి. భూమి దున్నారు సరే, పట్టా ఏది? పీటర్స్ వాళ్ల కంపెనీకి, రైతులకు మధ్య ఏళ్ల తరబడి నలిగిన ఈ గొడవ 1852 జులైలో బద్దలైంది. రైతులు కంపెనీ ఏజెంటు హెడ్జ్‌కాక్స్ ఆఫీసు మీద పడి రికార్డులు పట్టుకెళ్లారు, ఆయన్ని తరిమేశారు. భూమి రికార్డు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా! ఇప్పటికీ ఇక్కడి స్థలాల వివరాల్లో మొదటి పట్టాదారు పేరుతో ఉన్న సర్వే, దాని అబ్‌స్ట్రాక్ట్ నంబరు (ఆ సర్వేకి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) కనిపిస్తాయి. పాత దస్తావేజుల్లో పొడవులు 'వారా' అనే కొలతలో ఉంటాయి. వారా స్పానిష్ కాలపు కొలత, టెక్సస్‌లో 33⅓ అంగుళాలు. మీ ఇంటి కాగితాలు ఒకసారి తీసి ఆ పేరు చూడండి.

అపోహ: ఊరు మొదటి నుంచీ ఇక్కడే ఉంది.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇదే. ముందున్న ఊరు లెబనాన్, పశువుల బాట మీదే వెలిసింది. 1902లో రైలు వచ్చింది. ఆవిరి ఇంజన్లకు కొన్ని మైళ్లకోసారి నీళ్లు పట్టాలి. లెబనాన్ చూస్తే మెరక మీద ఉంది. రైలు కంపెనీ పడమరగా పల్లంలో, సుమారు నాలుగు మైళ్ల అవతల, స్టేషన్ పెట్టి ప్లాట్లు అమ్మించింది. లెబనాన్ వాళ్లలో కొందరు తమ చెక్క ఇళ్లనే దుంగల మీద దొర్లించుకుంటూ కొత్త చోటికి తీసుకెళ్లారు! సెయింట్ లూయిస్ - శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేకి జనం పెట్టుకున్న పొట్టి పేరు ఫ్రిస్కో. అదే ఊరికీ వచ్చింది. కాజీపేట, గుంతకల్లు తెలిసినవాళ్లకు రైలు ఊరిని ఎలా మారుస్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు.

అపోహ: మెట్రో రైలు రాకపోవడానికి కారణం నగరపాలకుల నిర్లక్ష్యం.

వాస్తవం: అది లెక్క వేసుకుని చేసిన పని. సేల్స్ ట్యాక్స్ 8.25 శాతంలో రాష్ట్రానిది 6.25 పోగా మిగిలేది 2 శాతం. పక్కనున్న ప్లానో 1983లో, డాలస్ ప్రాంతంలో రైళ్లు, బస్సులు నడిపే డార్ట్ సంస్థలో చేరి, అందులో ఒక శాతాన్ని దానికి ఇస్తూ వచ్చింది. ఫ్రిస్కో డార్ట్‌లో చేరలేదు. ఆ ఒక శాతాన్ని చెరిసగం చేసి వ్యాపారాలను రప్పించడానికి, పార్కులు, స్టేడియాల వంటి సదుపాయాలకు పెట్టింది. 2000లో స్టోన్‌బ్రయర్ మాల్ తెరిచాక అమ్మకాల పన్ను పోటెత్తింది. నా వరకైతే, కారు నడపలేని మన అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చి నాలుగు గోడల మధ్య ఉండిపోతుంటే ఆ నిర్ణయం ఖరీదు తెలుస్తుంది.

అపోహ: నీళ్లకు కొరత ఉండదు.

వాస్తవం: ఊళ్లో నది లేదు. 1951లో ఏర్పడిన నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ లావాన్ వంటి రిజర్వాయర్ల నుంచి తెస్తుంది. అవీ చాలక కట్టిన బోడార్క్ రిజర్వాయర్ నీళ్లు 2023లో మొదలయ్యాయి.

అపోహ: గోడకు పగులొచ్చిందంటే బిల్డర్ మోసం చేసినట్టే.

వాస్తవం: కొన్నిసార్లు నిజమే. చాలాసార్లు కారణం నేల. ఇది మన నల్లరేగడి లాంటిదే, ఒకప్పుడు ఇక్కడా పత్తి పండింది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. కింద నేల అంతటా ఒకేలా కదలకపోతే ఇంటి అడుగున పునాదిగా వేసిన కాంక్రీటు స్లాబు వంగుతుంది, తలుపులు పట్టేస్తాయి. అందుకే లోపల తీగలు బిగించిన పోస్ట్ టెన్షన్ స్లాబులు వేస్తాం. ఇంటివాళ్లు చేయాల్సింది తేమ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేలా చూడడం. ఎండాకాలంలో ఫౌండేషన్ చుట్టూ అడుగు దూరంలో సోకర్ హోస్ (పొడవునా నీళ్లు మెల్లగా ఊరే గొట్టం) పరిచి కొద్దికొద్దిగా తడపండి. పైకప్పు నీళ్లు గోడ పక్కనే పడకుండా గట్టర్లు పెట్టించండి. పెద్ద చెట్లను గోడకు ఆనుకుని నాటకండి. వెంట్రుకంత పగులుకు టెన్షన్ పడక్కర్లేదు, తేదీ వేసి ఫోటో తీసి పెట్టుకోండి. అది వెడల్పవుతుంటే రిపేరు కంపెనీకి ఫోన్ చేసే ముందు, రిపేరు పనితో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి.