మార్కు పెరగకపోతే సేవ దండగేనా? ఇంటి దగ్గర వృద్ధుల సేవ: అపోహలు - వాస్తవాలు

"ఆరు నెల్లుగా వస్తా ఉండారు, మాయమ్మ లేచి నడిచిందా సార్?"

పోయిన నెల చంద్రగిరి దగ్గర ఒక ఇంట్లో కొడుకు అడిగిన మాట. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పెద్దవాళ్ళకు ఇంటి దగ్గరే సేవలందించే కార్యక్రమాలు ఎలా నడుస్తున్నాయో చూసి రిపోర్టు రాయడం నా పని. ఈ ప్రశ్న వినని వారం ఉండదు. కన్నబిడ్డలే కాదు, డబ్బులిచ్చే దాతలూ ఇదే అడుగుతారు.

అపోహ: మనిషి మెరుగుపడకపోతే కార్యక్రమం ఫెయిలైనట్టే.

వాస్తవం: ఈ ఒక్క మాట వల్ల జరిగినంత నష్టం ఇంక దేనివల్లా జరగలేదు. తినడం, స్నానం, మంచం మీంచి కుర్చీలోకి మారడం లాంటి పది పనులకు బార్తెల్ స్కేలు మీద 100కి మార్కులు వేస్తాం. ఆ అమ్మకు మొదట్లో 25, ఆరు నెలల తర్వాతా 25. నేను దుప్పటి తీసి చూశాను. మూడేళ్ళుగా మంచంలో ఉన్న మనిషికి నడుము కింద గానీ, మడమల దగ్గర గానీ చర్మం ఎర్రబడలేదు, అంటే మంచం పుండు మొదలవలేదు. సేవకు ఇంటికొచ్చే అమ్మాయి రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం కోడలికి నేర్పింది. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద పాత చీర మడిచి పెట్టించింది. పొరబోకుండా కూర్చోబెట్టి రాగి జావ పట్టిస్తున్నారు. బార్తెల్ షీటులో పుండుకు గడి లేదు, కోడలి నిద్రకూ లేదు.

ఇంకో సంగతి. పక్షవాతం వచ్చాక మొదటి మూడు నెలల్లో కోలుకోవడం ఎలాగూ ఎక్కువగానే ఉంటుంది. డిశ్చార్జ్ కాగానే చేర్చుకునే కార్యక్రమానికి ఆ మార్కులు కలిసొస్తాయి. మతిమరుపు జబ్బుతో, ఏళ్ళ తరబడి మంచంలో ఉన్నవాళ్ళను తీసుకునే కార్యక్రమానికి ఆ వీలు లేదు. అదే వయసు, అదే జబ్బు, అదే మొదటి మార్కు ఉండి సేవ అందనివాళ్ళతో పోలిస్తేనే తేడా తెలుస్తుంది. చాలా ఏళ్ళ కిందట పుత్తూరు వైపు ఒక చిన్న సంస్థ మీద నేను అలా పోల్చకుండానే రిపోర్టు రాశాను. డబ్బులు ఆగిపోయాయి. తర్వాతి ఏడాది అటు వెళ్తే, వాళ్ళు చూసుకున్న ఒక తాతకు నడుము కింద అరచేతంత పుండు. ఆ వాసన నాకింకా గుర్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

విజిట్లు ఎక్కువైతే సేవ బాగున్నట్టేనా? కాదు. రిజిస్టర్లో ఇరవై ఇళ్ళకూ బీపీ 120/80 అనే ఉంటే అసలు మిషన్ బయటికి తీశారా అని అడగాలి.

అందరూ బాగుందంటున్నారా? సేవకొచ్చే అమ్మాయి ఎదురుగా నిలబడితే ఎవరైనా అంతే అంటారు, మళ్ళీ రాదేమోనని భయం. "పోయినసారి రావాల్సిన రోజు రాకపోతే ఏం చేశారు?" అని విడిగా అడగండి.

చనిపోయినవాళ్ళను, బెంగళూరులో కూతురింటికి వెళ్ళిపోయినవాళ్ళను లెక్కలోంచి తీసేయకూడదు. వాళ్ళు పోతే మిగిలేది గట్టివాళ్ళే, సగటు దానంతటదే పెరుగుతుంది.

ఇక పుకారు: మేము మార్కు పెంచితే మంచంలో ఉన్నవాళ్ళ 15,000 పెన్షన్ పోతుందట! దయచేసి ఈ మాట వ్యాపింపజేయకండి. మా షీటు పెన్షన్ ఆఫీసుకు వెళ్ళదు. వైకల్యం శాతం తేల్చేది సదరం శిబిరంలో డాక్టర్లు. కానీ భయపడేవాళ్ళను తప్పుపట్టలేను, ఆ డబ్బుతోనే మందులు, డైపర్లు. పలమనేరు దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని చూడగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. "మార్కులు పెరిగితే పెన్షన్ తీసేస్తారంట గదా నాయనా?" అని భార్య అడిగింది. కాగితాలు ఆమె చేతికిచ్చి, ఏ గడిలో ఏముందో ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఆఖరి గడి దాకా వచ్చేసరికి ఆయన మంచంకోడు పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు.