సూదీదారం ఉన్న ఇంట్లో కుక్క: అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా ఎంబ్రాయిడరీ చేస్తున్నాను, కొన్నేళ్లుగా నేర్పిస్తున్నాను కూడా. నేను ఫ్రేము పట్టుకుని కూర్చోగానే మా కుక్క చుక్కి వచ్చి నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో కుక్కను పెంచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల నోట విన్న కొన్ని నమ్మకాలు కుక్క ప్రాణం మీదికి తెచ్చేవి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: భయపడాల్సింది సూదికే. దారం మింగినా అదే బయటికి పోతుంది.

సూది ప్రమాదమే, కాదనను. కానీ సూది ఎక్స్‌రేలో కనిపిస్తుంది, నూలు దారం, ఊలు మామూలుగా కనిపించవు. చిన్న ముక్కయితే నిజంగానే బయటికి వచ్చేయొచ్చు. ప్రమాదమంతా పొడవాటి దారంతోనే. మనం వాడే దారం లచ్చి విప్పితే సాధారణంగా 8 మీటర్లు ఉంటుంది. మింగిన దారం ఒక కొస నాలుక కిందో, జీర్ణాశయం చివరో చిక్కుకుంటుంది, మిగతాది పేగులోకి దిగుతుంది. పేగు తన పని తాను చేస్తూ దాన్ని ముందుకు నెడుతూనే ఉంటుంది, దారమేమో కదలదు. నాడా లాగితే గుడ్డ కుచ్చుకుపోయినట్టు పేగు మొత్తం ఆ దారం మీద కుచ్చులు పడిపోతుంది. అలా బిగిసిన దారం పేగు గోడను కోసేయగలదు. అంతదాకా వస్తే ఆపరేషనే. వాంతులు, తిండి ముట్టకపోవడం, నీరసంగా ఒక మూలన పడుండడం, పొట్ట తాకనివ్వకపోవడం కనిపిస్తే రేపు చూద్దాం అనుకోవద్దు. మింగడం కళ్లారా చూస్తే ఈ లక్షణాల కోసం కూడా ఆగొద్దు.

అపోహ: దారం కొస కనిపిస్తే మెల్లగా లాగేస్తే సరిపోతుంది.

లాగొద్దు. నోట్లో కనిపించినా, మలద్వారం దగ్గర వేలాడుతున్నా లాగొద్దు. లోపల అది దేన్ని పట్టుకుని ఉందో మనకు తెలియదు. చుక్కికి ఏడాదిన్నర ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఊరికే చొల్లు కారుస్తుంటే నోరు తెరిచి చూశాను. నాలుక కింద సన్నటి ఎర్ర పోగు. లాగుదామని చేయి పెట్టబోతుంటే, ఫోన్‌లో ఉన్న వెటర్నరీ డాక్టరు గారు "ముట్టుకోకండి, ఉన్నపళంగా తీసుకురండి" అన్నారు. మత్తిచ్చి, నాలుక దగ్గర పోగు కత్తిరించి, పొట్టలో ఉన్నదాన్ని ఎండోస్కోపీతో తీశారు. అప్పటికింకా పేగులోకి దిగలేదు. మూర బారు దారం. ఫ్రేము పక్కన నేను వదిలేసిందే.

ఇంట్లో కక్కించే ప్రయత్నాలూ చేయొద్దు. సూది ఉంటే పైకి వచ్చేటప్పుడు గొంతులో గుచ్చుకోవచ్చు. ఉప్పునీళ్లు తాగిస్తే అదే విషమవుతుంది. మెత్తటి తిండి పెడితే జారిపోతుందనీ అంటారు. మత్తివ్వాల్సి వస్తే పొట్ట ఖాళీగా ఉండాలి కాబట్టి, డాక్టరును అడగకుండా ఏమీ పెట్టకపోవడమే మేలు.

అపోహ: రంగురంగుల దారాలు చూసి కుక్క ఆశపడుతుంది.

కుక్క కంటికి నీలం, పసుపు తెలుస్తాయి. మనకు మెరిసిపోయే ఎరుపు దానికి మట్టిరంగులా మసగ్గా కనిపిస్తుంది. దాన్ని ఎక్కువగా లాగేది వాసన. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కొసను పెదాల మధ్య తడుపుతాం కదా, ఆ కొస నిండా మన వాసనే. ఊలుకైతే గొర్రె వాసన ఉండనే ఉంటుంది. నేను తడపడం మానేశాను. పదునైన కత్తెరతో కొసను ఏటవాలుగా కత్తిరిస్తే బెజ్జంలోకి సులువుగానే వెళ్తుంది. కత్తిరించిన ముక్కలు ఒడిలోనో సోఫా చేతి మీదో కాక, మూత ఉన్న సీసాలో వేస్తాను. ఐదు సూదులు తీస్తే, లేచేముందు ఐదూ లెక్కపెడతాను.

సూది జారిపోకుండా బట్టకు చెరోవైపు పెట్టే చిన్న అయస్కాంతాల గురించి ఎవరూ చెప్పరు. రెండూ విడివిడిగా మింగితే, పేగు గోడల్ని మధ్యలో నొక్కిపెట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అక్కడ రంధ్రం పడుతుంది. కుక్క ఉన్న ఇంట్లో అవి వద్దనే నా మాట.

అపోహ: నోట కరుచుకుంటే వెంటపడి లాక్కోవాలి.

వెంటపడితే దానికి అది ఆట, లేదా భయం. రెండిట్లోనూ గుటుక్కున మింగేస్తుంది. దానికి బాగా ఇష్టమైన తినుబండారం చూపించి మార్పిడి చేసుకోండి. ముందు బొమ్మతో రోజూ "వదులు" అని అలవాటు చేయాలి. చుక్కికి మూడు వారాలు పట్టింది.

అపోహ: కుక్క ఉంటే లేతరంగు బట్ట మీద కుట్టలేం.

కుట్టగలం. కూర్చునేముందు కుక్కకు బ్రష్ చేసి, పని ఆపినప్పుడల్లా ఫ్రేము మీద గుడ్డ కప్పితే చాలు. కుట్టులో ఇరుక్కున్న వెంట్రుకను వెనకవైపు నుంచి ట్వీజర్‌తో తీయండి.

అపోహ: పెద్దదైతే కొరకడం అదే మానేస్తుంది.

28 పాలపళ్లు ఊడి 42 పళ్లు వచ్చేసరికి ఆరేడు నెలలవుతుంది, చిగుళ్ల దురద అప్పటికి తగ్గుతుంది. తోచక కొరకడం మాత్రం ఏ వయసులోనైనా ఉంటుంది. చుక్కి దారం మింగిన రోజు నేను దాన్ని నడకకు తీసుకెళ్లలేదు. ఇప్పుడు నడిచి వచ్చాకే ఫ్రేము తీస్తాను, కొరుక్కోవడానికి దాని బొమ్మ దానికిస్తాను. కాసేపట్లో బొమ్మ వదిలేసి నా పాదాల మీద నిద్రపోతుంది.