ఏసీలో గ్యాస్ అయిపోదు, పిల్లలూ

చిన్నీ, బబ్లూ,

నిన్న రాత్రి పది దాటాక ఇంటికి చేరాను. దారి పొడుగునా మీ ఇంటికొచ్చిన మెకానిక్ అబ్బాయి మాటే మెదులుతూ ఉంది. "మేడమ్, ఇది పాత గ్యాస్ ఏసీ. ఈ గ్యాస్ బ్యాన్ అయిపోయింది. కొత్తది కొనేసుకోండి" అన్నాడు. మీ అమ్మకి టెన్షన్ పట్టుకుంది. "నిజమేనా తాతయ్యా, మన ఏసీ ఇక వాడకూడదా?" అని చిన్నీ నన్ను అడిగింది. అప్పుడు రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఏసీలు బాగుచేసి ఇల్లు నడిపినవాణ్ని, మీకు సరిగ్గా చెప్పకపోతే నాకే బాగుండదు. అందుకే ఈ ఉత్తరం.

చేతిమీద శానిటైజర్ వేసుకుంటే చల్లగా ఉంటుంది కదా. అది ఆవిరవుతూ చేతిలోని వేడిని తీసుకుపోతుంది. ఏసీలో జరిగేదీ అదే. ఇంట్లోని కాయిల్‌లో గ్యాస్ ద్రవం నుంచి ఆవిరై గదిలోని వేడిని పీల్చుకుంటుంది. బయటున్న యూనిట్‌లో కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, అక్కడి కాయిల్ ఆ వేడిని వీధిలోకి వదిలేసి, మళ్లీ ద్రవంగా మార్చి లోపలికి పంపుతుంది. ఉన్న గ్యాసే తిరుగుతూ ఉంటుంది. బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అంటే "గ్యాస్ అయిపోయింది" అని ఎవరైనా అన్నారంటే, అది ఎక్కడో కారిపోయిందన్నమాట. ఎక్కడ కారిందో చూడకుండా నింపితే వచ్చే ఎండాకాలానికి మళ్లీ అదే ఖర్చు.

ఔట్‌డోర్ యూనిట్ దగ్గర మనం ముగ్గురం చూసింది గుర్తుందా? కాపర్ పైపు యూనిట్‌లోకి వెళ్లే చోట ఇత్తడి నట్టు ఉంది, దాన్ని ఫ్లేర్ నట్టు అంటాం. దాని చుట్టూ నల్లగా జిడ్డు, ఆ జిడ్డుమీద దుమ్ము అట్టకట్టి ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం తిరుగుతుంది కాబట్టి గ్యాస్ కారే చోట మరక పడుతుంది. బబ్లూ గిన్నెల సబ్బు నురగ తెచ్చి పూశాడు. మొదట ఏమీ కనిపించలేదు. ఒక నిమిషం ఆగితే నట్టు కింది అంచున ఆవగింజంత బుడగ లేచి పగిలింది. అదే చోట మళ్లీ ఇంకొకటి. మీ అమ్మ రెండేళ్లుగా గ్యాస్ నింపించిన డబ్బంతా పోయింది ఆ బుడగ దారినే.

ఆ మెకానిక్ అబ్బాయి మంచివాడే. చూపించగానే ఒప్పుకున్నాడు. మిగిలిన గ్యాస్‌ని ఔట్‌డోర్ యూనిట్‌లోకే లాగించి వాల్వులు మూశాడు. పైపు చివర కోసి కొత్తగా ఫ్లేర్ చేశాడు, అంటే నట్టులో గట్టిగా కూర్చునేలా ఆ చివరను గరాటులా విప్పాడు. వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లోని గాలీ తేమా లాగేశాక వాల్వులు తెరిచి, తగ్గిన మేరకు గ్యాస్ తూచి నింపాడు. ఆ కాస్సేపటి పనితో ఏసీ చల్లబడింది.

ఇక "బ్యాన్" సంగతి. మీ ఏసీలో ఉన్నది ఆర్-22. ఇలాంటి గ్యాసుల్లో క్లోరిన్ ఉంటుంది. అది పైకి చేరితే, ఎండలోని హాని కిరణాలను ఆపే ఓజోన్ పొరను తినేస్తుంది. ఫ్రిజ్‌లలో వాడిన పాత ఆర్-12 లాంటి వాటితో ఈ ప్రమాదం ఉందని మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పలచబడిందని బయటపడింది. 1987లో కెనడాలోని మాంట్రియల్‌లో దేశాలు ఈ గ్యాసులను తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి. 1992లో మనమూ చేరాం. ఆర్-12తో పోలిస్తే ఆర్-22 ఓజోన్‌కు చేసే హాని చాలా తక్కువ. అందుకే దానికి ఎక్కువ గడువిచ్చారు.

ఒక మాట మీకు చెప్పే తీరాలి. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఏసీ విప్పాలంటే ముందు గ్యాస్ మొత్తం గాల్లోకి వదిలేసేవాళ్లం. బుస్సుమని తెల్లటి పొగలా వచ్చేది, పైపుమీద మంచు పట్టేది. తప్పని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కిలో ఆర్-22 గాల్లో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో అది దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే ఏడెనిమిది వందల లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. నేను అలా ఎన్ని కిలోలు వదిలానో లెక్క లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మన దేశంలో ఆర్-22ను మెట్లు మెట్లుగా తగ్గిస్తున్నారు. పాత వాడకంలో 2020 నాటికి 35 శాతం, 2025 నాటికి 67.5 శాతం తగ్గించాలి, 2030కి ఆపేయాలి. ఆ తర్వాత 2040 దాకా పాత మిషన్ల రిపేరుకు మాత్రం కొంచెం ఉంటుంది. కొత్త ఏసీల తయారీలో ఇప్పటికే ఆగిపోయింది. కాబట్టి ఇంట్లో ఉన్నదాన్ని వాడుకోవడం తప్పు కాదు, రిపేరు చేయించడమూ తప్పు కాదు. గ్యాస్ దొరకడం మాత్రం కష్టమవుతూ, ధర పెరుగుతూ పోతుంది. నా మాట ఏమిటంటే, లీకు నట్టు దగ్గరైతే బాగుచేయించుకోండి. కాయిలే తుప్పుపట్టి చిల్లులు పడితే, అందులోనూ పదేళ్లు దాటిన మిషనైతే, ఇక దానిమీద డబ్బు పోయకండి.

ఆర్-22 బదులు వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌ను ముట్టుకోదు. కానీ వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 2,088 రెట్లు, ఆర్-22 కన్నా ఎక్కువే. అందుకే 2016లో రువాండా రాజధాని కిగాలీలో మళ్లీ కూర్చుని ఈ రకం గ్యాసులనూ తగ్గించాలని ఒప్పుకున్నారు. మనం 2021లో దాన్ని ఆమోదించాం. మనకు 2028లో వాడకం పెరగకుండా ఆపాలి, 2032లో 10 శాతం తగ్గించాలి, 2047కి 85 శాతం. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా కనిపించే ఆర్-32కు ఈ వేడెక్కించే రెట్ల అంకె 675. ఈ ఏడాది కొన్న ఆర్-32 ఏసీ దాని ఆయుష్షు తీరేదాకా గ్యాస్ దొరక్క మూలనపడుతుందన్న భయం నాకైతే లేదు. ఇంకొకటి ఆర్-290. అది ప్రొపేన్, మన వంట గ్యాస్‌లో ఉండేదే. దాని అంకె చాలా చిన్నది, కానీ బాగా మండుతుంది. అందుకే మిషన్‌లో చాలా కొద్దిగానే పోస్తారు. ఆర్-32 కూడా కొంచెం మండే గుణం ఉన్నదే. సరిగ్గా బిగించిన మిషన్‌తో ఇంట్లో భయం అక్కర్లేదు, కానీ అందులో గ్యాస్ ఉండగా పైపు దగ్గర మంట పెట్టి అతికే పని, అదే బ్రేజింగ్, చేయనివ్వకండి.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఒక గ్యాస్ మిషన్‌లో ఇంకో గ్యాస్ పోయకూడదు. ఆర్-32, ఆర్-410ఏల ప్రెషర్ ఆర్-22 కన్నా ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. లోపలి నూనె కూడా వేరు. పాత ఏసీలో ప్రొపేన్ లాంటివి పోసి "చల్లగా వస్తోంది కదా సార్" అనేవాళ్లను చూశాను. ఆ మిషన్‌ను మండే గ్యాస్ కోసం తయారు చేయలేదు. ఎవరైనా సిలిండర్ పట్టుకొస్తే ముందు ఔట్‌డోర్ యూనిట్ ప్లేటు చదవండి. గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములో దానిమీద అచ్చువేసి ఉంటుంది. సిలిండర్ మీది నంబరు అదే అయి ఉండాలి.

కొత్తది కొనేటప్పుడు గ్యాస్ నంబరుతో పాటు స్టార్లు చూడండి, ఏ ఏడాది లేబులో కూడా చూడండి. లెక్కలు మధ్యమధ్య కఠినం చేస్తారు, పాత లేబుల్ మీది ఐదు స్టార్లు కొత్త లెక్కలో తగ్గొచ్చు. ఏసీ వల్ల గాలికి జరిగే హానిలో పెద్ద వాటా కరెంటుదే. బిగించే రోజు దగ్గరుండి, వాక్యూమ్ పంపు తెచ్చారా అని అడగండి. తేకుండా గ్యాస్‌తోనే గాలిని తోసేసి పని కానిచ్చేవాళ్లు ఉన్నారు. ఊరుకోకండి.

డాలస్‌లో మీ పెదనాన్నకూ ఇదే గొడవ. అక్కడ 2025 జనవరి 1 నుంచి 700 అంకె దాటిన గ్యాస్‌తో కొత్త ఇంటి ఏసీలు తయారు చేయకూడదు. ఆర్-32 గానీ, 466 అంకె ఉన్న ఆర్-454బీ గానీ వాడుతున్నారు. ఆయన ఇంట్లో ఉన్నది ఆర్-410ఏ. బయట యూనిట్ ఒక్కటే కొత్త గ్యాస్‌ది పెట్టిస్తానంటున్నాడు. అలా కుదరదు, లోపలి కాయిల్ కూడా దానికి జతైనదే ఉండాలి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పండి, నేను చెప్తే వినడు.

బబ్లూ, పై పోర్షన్‌లో మీ బాబాయి వాళ్ల ఏసీ కూడా సరిగ్గా చల్లబడటం లేదట. ప్లేటు ఫొటో, ఆ రెండు నట్టుల ఫొటో దగ్గరగా తీసి పంపు.

మీ తాతయ్య
విజయవాడ