కార్చిచ్చు వేళ కాలనీని ఖాళీ చేయడం: అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో కొండల అంచున ఉన్న ఇళ్ల సముదాయాలు కార్చిచ్చు వచ్చినప్పుడు ఎలా ఖాళీ కావాలో ముందుగా ప్రణాళిక వేసుకోవడంలో వాటికి తోడ్పడటం నా వృత్తి. ఎల్ డొరాడో హిల్స్, ఫాల్సమ్, శాన్ రమోన్ వంటి చోట్ల మన తెలుగు కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి కనుక, సమావేశాల్లో తరచుగా వినిపించే కొన్ని ప్రమాదకరమైన నమ్మకాల గురించి తెలుగులోనే రాయడం అవసరమనిపించింది.

అపోహ: ఇల్లు ఖాళీ చేయమన్న ఆర్డర్ వచ్చాక బయలుదేరితే సరిపోతుంది.

వాస్తవం: ‘ఎవాక్యుయేషన్ వార్నింగ్’ అంటే ప్రమాదం దగ్గర పడుతోందని, ‘ఆర్డర్’ అంటే ప్రాణాపాయం ముంచుకొచ్చిందని, తక్షణం ఇల్లు విడవాలని అర్థం. వృద్ధులు, పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్నవారు వార్నింగ్ దశలోనే కదలాలని అధికారులే చెబుతారు. 2018 నవంబర్ 8న ఉదయం ఆరున్నర ప్రాంతంలో పుల్గా దగ్గర విద్యుత్ లైన్ వల్ల పుట్టిన మంట, బలమైన పొడిగాలుల వల్ల రెండు గంటలైనా పట్టకుండానే ఉత్తర కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణాన్ని చేరింది. ఆ పట్టణానికి ప్రణాళిక లేకపోలేదు. ఊరిని 14 జోన్లుగా విభజించి వంతులవారీగా ఖాళీ చేయించాలని ముందే నిర్ణయించారు, డ్రిల్ కూడా జరిపారు. అయితే ఊరంతా దాదాపు ఒకేసారి కదలవలసి రావడంతో ప్రధాన మార్గమైన స్కైవే వాహనాలతో స్తంభించిపోయింది. ఆ అగ్నిప్రమాదంలో 85 మంది మరణించారు; వారిలో అత్యధికులు 65 ఏళ్లు పైబడినవారు. అందుకే ఏ కాలనీ ప్రణాళికనైనా నేను మొదట చూసేది మార్గాల పటాన్ని కాదు, ఎవరు అందరికంటే ముందు బయలుదేరాలో తేల్చిన జాబితాను.

అపోహ: ఫోన్‌కు హెచ్చరిక తప్పకుండా వస్తుంది.

వాస్తవం: రాకపోవచ్చు, వచ్చినా ఆలస్యం కావచ్చు. 2017 అక్టోబర్‌లో టబ్స్ కార్చిచ్చు వచ్చినప్పుడు, జనం భయపడి రోడ్లు కిక్కిరుస్తాయన్న ఆలోచనతో సోనోమా కౌంటీ అధికారులు అన్ని సెల్‌ఫోన్లకూ వెళ్లే హెచ్చరికను పంపలేదు. ఈటన్ కార్చిచ్చు 2025 జనవరి 7 సాయంత్రమే మొదలైనా, లాస్ ఏంజెలెస్ దగ్గరి ఆల్టడీనాలో లేక్ అవెన్యూ అనే వీధికి పడమటి భాగానికి ఆర్డర్ మరునాడు తెల్లవారుజామున మూడు దాటాక గాని అందలేదు. మృతుల్లో దాదాపు అందరూ ఆ భాగంవారే. కనుక ప్రతి ఇంటివారూ కౌంటీ హెచ్చరికల సేవలో తమ సెల్ నంబరు నమోదు చేసుకోవాలి, తమ జోన్ సంఖ్యను ఫ్రిజ్ మీద రాసిపెట్టుకోవాలి, పోలీసు వాహనాలు మోగించే హెచ్చుతగ్గుల సైరన్‌ను గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మన ఇళ్ల విషయంలో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నలకు ఇక్కడ కారు నడపడం రాదు, వారి ఫోన్ నంబర్లు కౌంటీ జాబితాలో ఉండవు, హెచ్చరికలు తెలుగులో రావు. కొడుకూ కోడలూ ఆఫీసులో ఉండగా మంట వస్తే వారిని ఎక్కించుకునే పొరుగువారు ఎవరో పేరుతో సహా ముందే తేలాలి. ఆ పొరుగువారి దగ్గర ఇంటి తాళంచెవి ఉండాలి, పెద్దవాళ్లకు వారి ముఖం పరిచయమై ఉండాలి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, మందులు ఒకే సంచిలో ఉంటే వాటిని వెతుకుతూ నిమిషాలు పోవు.

అపోహ: చుట్టూ అడవి లేని కొత్త కాలనీకి భయం లేదు.

వాస్తవం: శాంటా రోసాలోని కోఫీ పార్క్ చదునైన నేల మీది మామూలు శివారు కాలనీ. టబ్స్ మంటల నిప్పురవ్వలు 101 హైవేను దాటివచ్చి అక్కడ వెయ్యికి పైగా ఇళ్లను బూడిద చేశాయి. ఇంటి గోడకు ఐదు అడుగుల లోపల చెక్కపొట్టు, ఎండుటాకులు, గోడను తాకే చెక్క కంచె ఉండకూడదు. ఇది ఇంటిని కాపాడుకోవడానికి మాత్రమే అనుకోకండి. రోడ్డు పక్క ఇల్లు అంటుకుంటే వెనకనున్న వీధులవారికి దారి మూసుకుపోతుంది.

అపోహ: ఇంట్లో ఎన్ని కార్లుంటే అన్నీ తీసుకెళ్లాలి.

వాస్తవం: కుటుంబమంతా పట్టేటట్లయితే ఒక్క కారే చాలు. ప్రతి అదనపు కారూ వెనకవారికి అడ్డమే. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని పాలిసేడ్స్‌లో కార్చిచ్చు వచ్చినప్పుడు రోడ్డు మీద వదిలేసిన కార్లను బుల్‌డోజర్‌తో తోసి అగ్నిమాపక వాహనాలకు దారి చేయవలసి వచ్చింది.

అపోహ: డ్రిల్ ఒకసారి చేశాం, గేటు తెరుచుకుంటుంది, ఇక చింత లేదు.

వాస్తవం: కరెంటు పోయిన రాత్రి చేసి చూడండి. 2019 జూలై నుంచి కాలిఫోర్నియాలో అమ్మే గ్యారేజీ తలుపు యంత్రాలకు బ్యాటరీ తప్పనిసరి అయినా, పాత ఇళ్లలో ఆ సదుపాయం లేకపోవచ్చు. తాడు లాగి తలుపును చేత్తో ఎత్తడం ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పెద్దవాళ్లకు, చేతనవుతుందో లేదో పరీక్షించాలి. కాలనీ గేటును విద్యుత్ లేకుండా తెరవగలవారు కనీసం ఇద్దరుండాలి. దారులన్నీ మూసుకుపోయినప్పుడు చివరి ఆశ్రయంగా చెట్టూచేమా లేని విశాలమైన పార్కింగ్ స్థలాన్నో ఆటస్థలాన్నో ఎంచుకుని, అది పనికివస్తుందో లేదో స్థానిక అగ్నిమాపక శాఖవారికి చూపించి నిర్ధారించుకోవాలి. ప్యారడైజ్‌లో చాలామంది ప్రాణాలు దక్కించుకున్నది అటువంటి ఖాళీ స్థలాల్లోనే.