గీకేది తక్కువ, మోసుకొచ్చేది ఎక్కువ

టాయిలెట్ బ్రష్ రోజుకు రెండు నిమిషాలు పనిచేస్తుందనుకుందాం. మిగతా 23 గంటల 58 నిమిషాలు అది ఒక మూలన డబ్బాలో నిలబడి ఉంటుంది. దాన్ని డిజైన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆలోచించేది మాత్రం ఆ రెండు నిమిషాల గురించే. ఎంత గట్టిగా గీకుతుంది, ఏ మూలకు వెళ్తుంది, పిడి చూడటానికి ఎలా ఉంది, ఇవే ప్రశ్నలు. నా లెక్క వేరు. కమోడ్‌ను శుభ్రం చేసే పనిముట్టు ఎంత మురికి వదిలించిందో చూస్తే సగమే చూసినట్టు. పని అయ్యాక తనతో ఎంత నీరు, ఎంత మురికి వెంట తెచ్చుకుందో కూడా చూడాలి. పైగా గీకడంలో బ్రష్ చేసే పని మనం అనుకునేంత పెద్దదేమీ కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే ముందు ఆ మరకలేమిటో చూడాలి. కమోడ్ గోడల మీద పేరుకునే పసుపు, గోధుమ రంగు గార ఎక్కువగా ఖనిజమే. మూత్రంలో యూరియా ఉంటుంది. కొన్ని బ్యాక్టీరియాలు యూరియేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ఘాటు వాసన అక్కడి నుంచే వస్తుంది. అమ్మోనియా చేరేకొద్దీ నీటికి క్షారగుణం పెరుగుతుంది. అప్పటిదాకా కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లు ఇక కరిగి ఉండలేక గట్టిపడి గోడకు పట్టుకుంటాయి. కిడ్నీ రాళ్లలో ఒక రకమైన స్ట్రూవైట్ కూడా ఇలా పుట్టే ఖనిజమే. నీళ్లు కఠినమైనవైతే వీటికి కాల్షియం కార్బొనేట్ తోడవుతుంది, నీళ్లలో ఇనుము ఉంటే తుప్పు రంగు చేరుతుంది. ఇలా గరుకుగా తయారైన పొర మీద బ్యాక్టీరియా జిగురు కారుస్తూ కాపురం పెడుతుంది. ఈ జిగురు పొరనే బయోఫిల్మ్ అంటారు.

అంటే బ్రష్ ముందున్న శత్రువులు ఇద్దరు. ఒకటి రాయి, ఇంకొకటి జిగురు. రెండింటికీ వైద్యం వేరు.

ఖనిజాల గట్టిదనాన్ని మోస్ స్కేలు మీద 1 నుంచి 10 దాకా కొలుస్తారు. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది, అంతే సూత్రం. కాల్షియం కార్బొనేట్ స్ఫటికమైన కాల్సైట్ 3 దగ్గర ఉంటుంది. కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజమైన అపటైట్ 5. కమోడ్ మీది గాజులాంటి పూత, అంటే గ్లేజ్, దాదాపు 6. ప్లాస్టిక్ పోగు కాల్సైట్ కంటే కూడా మెత్తన. కాబట్టి ఎంత బలంగా రుద్దినా ప్లాస్టిక్ బ్రష్ గట్టిపడిన గారను గీకలేదు. అది చేతి బలం లోపం కాదు. పోనీ గట్టి వస్తువే వాడదామంటే ప్యూమిస్ రాయి కూడా 6 దగ్గరే ఉంటుంది, గ్లేజ్‌కు సాటి. ఇసుకలోని క్వార్ట్జ్ 7. గారతోపాటు గ్లేజ్ కూడా గీసుకుపోతుంది. ఒకసారి గీతలు పడ్డ గ్లేజ్ మీద గార, జిగురు రెండూ మునుపటికంటే త్వరగా పట్టుకుంటాయి. నున్నటి గ్లేజ్ ఉండడమే కమోడ్‌కు ఉన్న అతి పెద్ద రక్షణ. పనిముట్టు దాన్ని పాడుచేస్తే ఆ నష్టం కమోడ్ ఉన్నంతకాలం ఉంటుంది.

మరి గారను వదిలించేది ఎవరు? యాసిడ్. హైడ్రోక్లోరిక్ యాసిడ్ కార్బొనేట్‌ను బుడగలు కక్కిస్తూ కరిగిస్తుంది, ఫాస్ఫేట్‌ను బుడగల్లేకుండా కరిగిస్తుంది, మామూలు వాడకంలో గ్లేజ్ జోలికి పోదు. టాయిలెట్ క్లీనర్లను చిక్కగా చేసేది కూడా అందుకే. పల్చగా ఉంటే గోడ మీద నుంచి జారి నీళ్లలో కలిసిపోతుంది, చిక్కగా ఉంటే పని పూర్తయ్యేదాకా పట్టుకుని ఉంటుంది. యాసిడ్ క్లీనర్‌ను బ్లీచింగ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుందన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. ఆ రెండూ ఒకే బ్రష్‌కు వెంటవెంటనే తగలకూడదు.

జర్మనీకి చెందిన హెర్బర్ట్ సిన్నర్ అనే రసాయన నిపుణుడు 1959లో శుభ్రత మొత్తాన్ని నాలుగు ముక్కలుగా చెప్పాడు: రసాయనం, వేడి, సమయం, రాపిడి. ఒకటి తగ్గితే మిగతావి పెరగాలి. కమోడ్‌లో వేడి దాదాపు ఉండదు. రసాయనానికి పది నిమిషాల సమయం ఇస్తే రాపిడి చాలావరకు తగ్గించుకోవచ్చు. వెంటనే రుద్దడం మొదలుపెడితే ఆ లోటంతా చెయ్యి పూడ్చాలి. అయితే రాపిడి బొత్తిగా లేకపోతే కుదరదు. యాసిడ్ గారను తాకిన చోట బలం తగ్గిపోయి అక్కడే నిలబడుతుంది. దాన్ని పక్కకు నెట్టి తాజా యాసిడ్‌ను చేరవేయాలి, మెత్తబడిన పైపొరను లాగేయాలి. బ్రష్ చేయాల్సిన మొదటి పని ఇది. రెండోది జిగురు పొరను చీల్చడం. బయోఫిల్మ్‌లో దాక్కున్న బ్యాక్టీరియా, నీళ్లలో విడిగా తిరిగే బ్యాక్టీరియాకంటే మందులను బాగా తట్టుకుంటుంది. పొర చిరిగితేగానీ మందు లోపలికి దిగదు. ఈ రెండు పనులకూ గట్టి పోగు అవసరం లేదు. తగినంత బిగువున్న పోగు చాలు.

ఆ బిగువు లెక్క నాకు చాలా ఇష్టమైన విషయం. ఒక పోగు ఎంత సులభంగా వంగుతుందన్నది దాని మందం, పొడవు మీద ఆధారపడుతుంది. కానీ ఆ ఆధారపడే తీరు వింతగా ఉంటుంది. మందం రెండింతలైతే బిగువు 16 రెట్లవుతుంది. పొడవు సగం చేస్తే 8 రెట్లవుతుంది. అంటే పోగు మందంలో కంటికి కనిపించనంత తేడా వచ్చినా బ్రష్ స్వభావమే మారిపోతుంది. డిజైనర్ పొడవును ఒక సెంటీమీటరు అటూ ఇటూ మార్చడం రంగు మార్చినంత తేలిక విషయం కాదు.

దీనికి తోడు పదార్థం గొడవ ఒకటి. నైలాన్ బాగా సాగి వెనక్కి వచ్చే పోగు, కానీ నీళ్లు తాగుతుంది. పూర్తిగా నానిన నైలాన్ 6 తన బిగువులో సగానికి పైగా పోగొట్టుకుంటుంది. యాసిడ్ కూడా దాని అణువుల గొలుసులను మెల్లగా తెంచుతుంది. పాలీప్రొపిలీన్ నీళ్లు తాగదు, యాసిడ్‌కు లొంగదు, కానీ ఒకసారి ఒంగిపోతే అలాగే ఉండిపోతుంది. పీబీటీ అనే ప్లాస్టిక్ ఈ రెండింటికీ మధ్యస్థంగా పనికొస్తుంది. అన్నట్టు, పాలీప్రొపిలీన్ పిడి, నైలాన్ పోగులతో ఇప్పటి టాయిలెట్ బ్రష్ 1932లోనే పుట్టిందని ఇంటర్నెట్‌లో తరచూ కనిపిస్తుంది. నైలాన్‌ను మొదటిసారి తయారుచేసింది 1935లో, గట్టి పాలీప్రొపిలీన్ వచ్చింది 1950లలో. 1932లో బ్రష్ ఏదైనా వచ్చి ఉంటే అది ఇంకేదో పదార్థంతో అయ్యుండాలి.

పాత తరహా బ్రష్‌లో రెండు తీగల మధ్య పోగులు పెట్టి మెలితిప్పుతారు. తయారీకి చవక, సులువు. కానీ పోగులు అరిగిపోయాక తీగ కొస కమోడ్‌కు తగులుతుంది. అప్పుడు బూడిదరంగు గీతలు పడతాయి. చాలామంది గ్లేజ్ గీసుకుపోయిందని కంగారుపడతారు. నిజానికి చాలాసార్లు జరిగేది తిరగబడి ఉంటుంది. తీగే మెత్తనిది, గ్లేజ్ దాన్ని అరగదీసి లోహాన్ని తన మీద పూసుకుంటుంది. అయినా అది డిజైన్ తప్పే, తీగకు ప్లాస్టిక్ టోపీ పెడితే పోయే తప్పు.

ఇక ఆకారం. గుండ్రటి బ్రష్ కమోడ్ మధ్యలో బాగా తిరుగుతుంది, అంచు కిందికి వెళ్లదు. జిగురు ఎక్కువగా పేరుకునేది అక్కడే. సాల్మొనెల్లా విరేచనాలు వచ్చిన ఆరు ఇళ్ల టాయిలెట్లను పరిశీలించిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. నాలుగిళ్లలో ఆ బ్యాక్టీరియా అంచు కింది మడతలోని జిగురు పొరలో దొరికింది. ఒక ఇంట్లోనైతే క్లీనర్లు వాడుతున్నా, విరేచనాలు తగ్గిన నాలుగు వారాల దాకా టాయిలెట్‌లో బతికే ఉంది. అందువల్ల నా దృష్టిలో అంచు కిందికి వంగి వెళ్లే పక్క కుచ్చు అలంకారం కాదు. అది లేని బ్రష్ సగం పనిముట్టే. అంచు మడతే లేని కమోడ్లు ఇప్పుడు వస్తున్నాయి. సమస్యను బ్రష్ దగ్గర కాకుండా కమోడ్ దగ్గరే తీర్చడం ఇంకా తెలివైన పని.

ఇప్పుడు ఆ మిగతా సగం, అంటే నీళ్ల సంగతి. పోగులు దగ్గర దగ్గరగా ఉంటే వాటి మధ్య నీరు కేశనాళిక బలంతో ఇరుక్కుంటుంది. ఒక మిల్లీమీటరు రంధ్రం ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో నీరు దాదాపు 3 సెంటీమీటర్లు దానంతటదే పైకి ఎక్కుతుంది. బొమ్మలు వేసే కుంచె రంగును పట్టి ఉంచుకునేది కూడా ఈ బలంతోనే. కుంచెకు వరమైన ఆ గుణం టాయిలెట్ బ్రష్‌కు శాపం. ఎంత దట్టమైన కుచ్చయితే అంత నీరు మోస్తుంది, ఆ నీళ్లలో ఏముందో అది కూడా. దులిపితే పోతుంది కదా అనిపిస్తుంది. అంచుకు కొట్టి దులిపినప్పుడు వంగిన పోగులన్నీ స్ప్రింగుల్లా వెనక్కి కొట్టుకుని నీటిని తుంపరగా విసురుతాయి. పోగు ఎంత బిగువుగా ఉంటే విసురు అంత ఎక్కువ. ఫ్లష్ తుంపర గురించి చాలామంది విన్నారు. 2022లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆకుపచ్చ లేజర్ వెలుగులో మూతలేని టాయిలెట్ ఫ్లష్ చేసి చూస్తే, కణాలు సెకనుకు 2 మీటర్ల వేగంతో లేచి 8 సెకన్లలోపే మీటరున్నర ఎత్తుకు చేరాయి. బ్రష్ తుంపరను అలా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది పడేది మాత్రం ఎదురుగా వంగి ఉన్న మనిషి మీదే.

సిలికాన్ తలలు అందుకే వచ్చాయి. సిలికాన్ మీద నీరు పరుచుకోదు, పూసల్లా జారిపోతుంది. దంతాలు వెడల్పుగా, ఎడంగా ఉంటాయి కాబట్టి ఇరుక్కునే చోటూ తక్కువ. త్వరగా ఆరిపోతుంది. అయితే వీటి అమ్మకపు మాటలు విని మోసపోవద్దు. ఎడం ఎక్కువైతే గోడకు తగిలే కొసలు తక్కువవుతాయి, మెత్తటి దంతం జిగురు మీద జారిపోతుంది. క్లీనర్‌కు తగినంత సమయం ఇచ్చేవాళ్లకు సిలికాన్ సరిపోతుంది. హడావిడిగా రుద్ది వెళ్లేవాళ్లకు పోగులే మేలు.

స్టాండ్ గురించి ఒక్క మాట చాలు: అడుగున నీళ్లు నిలిచే డబ్బా చెడ్డ డిజైన్. బ్రష్ తల అడుక్కు తగలకుండా వేలాడాలి, గాలి ఆడాలి, కింది తట్ట విడిగా కడగడానికి రావాలి. లోపల అతినీలలోహిత దీపం పెట్టి క్రిములను చంపుతామనే స్టాండ్లు నాకు నచ్చవు. ఆ కాంతి సూటిగా పడినచోటే పనిచేస్తుంది. దట్టమైన కుచ్చులో ప్రతి పోగు పక్కదానికి నీడే.

మోటారు బ్రష్‌ల దగ్గర ఇదే గొడవ అంకెల్లోకి వస్తుంది. తల అంచు మధ్య నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఉండి, నిమిషానికి 300 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు సుమారు 1.25 మీటర్లు. అక్కడి నుంచి నిటారుగా వదిలిన చుక్క, గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, 8 సెంటీమీటర్లు ఎగురుతుంది. చుట్లు 600 చేస్తే 32 సెంటీమీటర్లు. వేగం రెండింతలు, ఎత్తు నాలుగింతలు. కమోడ్ లోతులో ఉన్నంతసేపు ఫర్వాలేదు, అంచు కిందికి తెచ్చేసరికి చుక్కలు బయటే పడతాయి. నెమ్మదిగా అటూ ఇటూ ఊగే తల, గిరగిరా తిరిగే తలకంటే ఇక్కడ మెరుగు.

పిడి విషయంలో ఇళ్లలో వాడేవాళ్లకంటే రోజంతా టాయిలెట్లు కడిగే కార్మికుల మాట ముఖ్యం. పొడవైన పిడి నడుమును కాపాడుతుంది, మణికట్టును శిక్షిస్తుంది. 40 సెంటీమీటర్ల దూరంలో తలను 10 న్యూటన్ల బలంతో, అంటే సుమారు ఒక కిలో బరువుతో, పక్కకు నొక్కితే మణికట్టు మీద 4 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. 25 సెంటీమీటర్లైతే రెండున్నరే. పని గంటలు పెరిగేకొద్దీ ఈ తేడా నొప్పిగా బయటపడుతుంది. పొడవు తప్పనప్పుడు రెండో చెయ్యి పట్టుకునే చోటు ఇవ్వాలి. అంచు కిందికి వెళ్లే వంపు తల దగ్గరే ఉండాలి, అప్పుడు మణికట్టు వంచకుండానే పని జరుగుతుంది. పిడి మందం 3 నుంచి 4 సెంటీమీటర్లుంటే పిడికిలి బాగా బిగుస్తుంది. మార్కెట్లో కనిపించే పెన్సిల్ మందం స్టీలు పిడి ఫొటోలో అందంగా ఉంటుంది, తడి గ్లౌజ్‌లో చేప.

కొత్త నమూనా ఎలా ఉందో తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. పొడి బ్రష్‌ను తూచి, నీళ్లలో ముంచి, పది సెకన్లు కారనిచ్చి మళ్లీ తూస్తే ఎంత మోస్తుందో తెలుస్తుంది. గంట తర్వాత ఇంకోసారి తూస్తే ఎంత త్వరగా ఆరుతుందో తెలుస్తుంది. పొలాల్లో మందు పిచికారీ ఎలా పడిందో చూడటానికి నీటి చుక్క తగిలితే పసుపు నుంచి నీలంగా మారే కాగితం వాడతారు. దాన్ని కమోడ్ చుట్టూ నేల మీద, మనిషి ఛాతీ ఎత్తులో అతికించి మామూలుగా రుద్దమంటే తుంపర పటం దానంతటదే గీసుకుంటుంది. రెండు నమూనాల కాగితాలను పక్కపక్కన పెడితే వాదన ముగుస్తుంది. ఒక్క షరతు, రుద్దే మనిషి ఆ బ్రష్‌ను డిజైన్ చేసినవాడు కాకూడదు. ఎలా పట్టుకుంటే చిందదో అతనికి ముందే తెలుసు.